ఊళ్ళో గోల్ఫ్ కోర్సు లేనివాళ్ళు ఆట ఎలా మెరుగుపరుచుకోవాలి: రాయగడ, కోరాపుట్ వైపు మనవాళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

రాయగడ, గునుపూర్, జయపురం, పర్లాకిమిడి నుంచి మనవాళ్ళు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "ఊళ్ళో కోర్సు లేదు, నేర్పేవాళ్ళు లేరు. రెండు మూడు నెలలకోసారి విశాఖ వెళ్ళి ఆడతాం. ఇలాగైతే ఆట బాగుపడుతుందా?"

బాగుపడుతుంది. సాధన చేసే వరుస మార్చుకుంటే చాలు. చాలామంది డ్రైవర్ (బంతిని బాగా దూరం కొట్టే క్లబ్, అంటే ఆట కర్ర) పట్టుకుని మొదలుపెడతారు, దానికి తగ్గ మైదానం దొరక్క ఆగిపోతారు. మీరు హోల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి: ముందు పటింగ్ (బంతిని దొర్లించి హోల్‌లోకి పంపడం), తర్వాత చిప్ (దగ్గర నుంచి కొట్టే చిన్న షాట్), ఆ తర్వాత ఐరన్ (మధ్య దూరాలకు వాడే క్లబ్), చివర్లో డ్రైవర్.

ఎందుకో లెక్క చూడండి. 18 హోల్స్ కోర్సుకు పార్, అంటే మంచి ఆటగాడికి పట్టాల్సిన దెబ్బల లెక్క, మామూలుగా 72. ప్రతి హోల్‌లోనూ గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి) మీద రెండు పట్‌లు పడతాయన్న లెక్కతోనే పార్ కడతారు. అంటే 36, ఆటలో సరిగ్గా సగం. ఆ సగానికి కావలసిన చోటు మీ వసారాలోనే ఉంది.

కింద రాసిందంతా కుడిచేతి వాటం వాళ్ళకు. ఎడమచేతి వాటం వాళ్ళు కుడి ఎడమలు మార్చుకుని చదువుకోండి.

1. ఏం కొనాలి, ఏం కొనకూడదు

రూల్ ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు. మొదటి ఏడాది ఆరేడు చాలు. కొత్త సెట్టు వద్దు, వాడింది తీసుకోండి.

- పటర్
- శాండ్ వెడ్జ్, పిచింగ్ వెడ్జ్ (బంతిని ఎత్తుగా, దగ్గరికి కొట్టే క్లబ్బులు)
- 9 ఐరన్, 7 ఐరన్
- ఒక హైబ్రిడ్ (పొడవైన ఐరన్ బదులు వాడే క్లబ్)
- డ్రైవర్ (దొరికితే తీసుకోండి, లేకపోయినా ఆట ఆగదు)

పాత క్లబ్బులు కొనేటప్పుడు పట్టుకునే రబ్బరు చూడండి. అది నున్నగా, గట్టిగా అయిపోయి ఉంటే మార్పించాలి. జారే రబ్బరును బిగించి పట్టుకోవాల్సి వస్తుంది, ఆ బిగింపే స్వింగ్‌ను, అంటే క్లబ్ ఊపును, పాడుచేస్తుంది. షాఫ్ట్ (క్లబ్ కడ్డీ) వంగిందేమో కంటికి ఎదురుగా పట్టుకుని చూడండి.

బంతుల్లో ఖరీదైనవి ఇప్పుడే అక్కర్లేదు. ఇంటి కోసం చిల్లుల ప్లాస్టిక్ బంతులు ఒక డజను, ఎడమ చేతికి ఒక గ్లవ్. అంతే.

2. సాధన చోటు

పటింగ్‌కు పలచటి కార్పెట్ గానీ, నున్నటి వసారా గానీ సరిపోతుంది. పల్లెల్లో ఉన్నవాళ్ళకు ఇంకా మంచి చోటు కళ్ళం. సంక్రాంతి దాటాక నూర్పులు అయిపోయి కళ్ళాలు ఖాళీగా పడి ఉంటాయి. అలికి ఎండిన కళ్ళం మీద బంతి గ్రీన్ మీదకన్నా వేగంగా పోతుంది. మీ పటర్ ముఖం కొంచెం పక్కకు తిరిగినా అక్కడ దాగదు.

స్వింగ్‌కు పెరడు చాలు, కానీ ప్లాస్టిక్ బంతితోనే. అసలు బంతి దాదాపు 46 గ్రాముల గట్టి ముద్ద. మేడ మీద గానీ, వీధిలో గానీ దాన్ని కొట్టొద్దు. ఒక్క బంతి తప్పిపోతే మనిషి కన్ను పోతుంది.

కోసిన పొలంలో అసలు బంతితో ఆడాలనుకుంటే ముందు ఇవి చూసుకోండి:

- రైతును అడిగారా? వరి కోసిన మడిలో మినుమో పెసరో చల్లి ఉండొచ్చు. పైకి ఖాళీగా కనిపించినా మొలకలు ఉంటాయి.
- ఎదుట 200 గజాలకు పైగా మనుషులు, పశువులు, దారి ఏవీ లేవు కదా?
- క్లబ్ తగిలే చోట రాళ్ళు, గట్టి మోళ్ళు ఏరేశారా? రాయికి తగిలితే మణికట్టు వారాల తరబడి నొప్పిపెడుతుంది.
- గట్ల పక్క గడ్డిలోకి పోయిన బంతి కోసం చెయ్యి పెట్టకుండా క్లబ్బుతో కదిపి చూస్తున్నారా? పాములుంటాయి.

3. పట్టు, నిలబడే తీరు

ఇక్కడ తొందరపడితే తర్వాత ఎన్ని నెలలు సాధన చేసినా లాభం లేదు. కొత్తవాళ్ళు పది నిమిషాల్లో దాటేసే భాగం ఇదే, నా లెక్కలో రెండు వారాలు ఉండాల్సిన భాగం కూడా ఇదే.

ముందు ఎడమ చెయ్యి. క్లబ్ అరచేతి మధ్యలో కాకుండా వేళ్ళ మొదళ్ళ మీదుగా పోవాలి. కిందికి చూస్తే ఎడమ చేతి కణుపులు రెండు కనిపించాలి. తర్వాత కుడి చెయ్యి వచ్చి ఎడమ బొటనవేలిని కప్పేయాలి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే మడత గీత మీ కుడి భుజం వైపు చూడాలి.

బిగింపు పదికి నాలుగు. టీవీ రిమోట్ పట్టుకున్నంత. మే నెల ఉక్కకు చెయ్యి చెమట పట్టి జారుతుంటే గట్టిగా బిగించకండి, తువ్వాలుతో తుడుచుకోండి.

క్రికెట్ ఆడి వచ్చినవాళ్ళకు ఒక మాట. మీకు కింది చెయ్యి బలంగా పనిచేయడం అలవాటు. ఇక్కడ కుడి చెయ్యి ముందే దూకితే బంతి ఎడమకు లాగేస్తుంది, లేదా క్లబ్ బంతికన్నా ముందే నేలకు తగులుతుంది. ఎడమ చెయ్యి ఒక్కదానితో, బంతి లేకుండా, నెమ్మదిగా స్వింగ్ చేసే అలవాటు రోజూ కొంచెం చేసుకోండి.

నిలబడడానికి రైలు పట్టాలను గుర్తుపెట్టుకోండి. బంతి నుంచి హోల్‌లో గుచ్చిన జెండాకు పోయే గీత ఒక పట్టా. మీ కాలి వేళ్ళ గీత రెండో పట్టా. రెండూ పక్కపక్కనే పోవాలి, కలవకూడదు. కాళ్ళనే జెండాకు గురిపెడితే బంతి గీత జెండాకు కుడివైపు పోతుంది. అది తెలియకుండానే సరిచేయాలని శరీరం క్లబ్బును లోపలికి లాగుతుంది. సగం స్లైసులు (బంతి కుడికి వంగిపోయే షాట్లు) ఇక్కడే పుడతాయి.

దూరంగా ఉన్న జెండాకు గురి కుదరడం కష్టం. బంతికి రెండడుగుల ముందు, అదే గీత మీద ఒక ఆకో గులకరాయో ఎంచుకుని దానికి క్లబ్ ముఖాన్ని ఎదురుగా పెట్టండి. ఆ తర్వాతే కాళ్ళు సర్దుకోండి. ముందు క్లబ్, తర్వాత కాళ్ళు. ఈ వరుస తిరగబడకూడదు.

బంతి ఉండాల్సిన చోటు: వెడ్జ్‌కు రెండు కాళ్ళ మధ్యలో, 7 ఐరన్‌కు మధ్య నుంచి కాస్త ఎడమకు, డ్రైవర్‌కు ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా.

4. పటింగ్: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

మూడు పనులు, ఇదే వరుసలో.

*గేటు.* పటర్ తల ఎంత వెడల్పో చూసి, దానికి రెండు వైపులా ఒక్కో వేలి ఎడంతో రెండు అగ్గిపెట్టెలు పెట్టండి. పటర్ వాటికి తగలకుండా వెనక్కి పోయి ముందుకు రావాలి. అది కుదిరాక, బంతికి ఒక అడుగు ముందు ఇంకో రెండు అగ్గిపెట్టెలు పెట్టి బంతిని వాటి మధ్య నుంచి పంపండి. ఇది గురి.

*గీతలు.* సుద్దముక్కతో 3, 6, 9, 12 అడుగుల దగ్గర అడ్డగీతలు గీయండి. ఒక్కో గీత దగ్గర బంతిని ఆపడానికి ప్రయత్నించండి. ముందు దగ్గరి గీత, తర్వాత దూరపుది, మళ్ళీ మధ్యది, ఇలా కలగలిపి కొట్టండి. ఒకే దూరం పదిసార్లు కొడితే చెయ్యి అలవాటు పడిపోతుంది. కోర్సులో ఒకే పట్ పదిసార్లు ఎవరూ ఇవ్వరు.

*గ్లాసు.* అసలు హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఇంట్లో స్టీలు గ్లాసు మూతి అంతకన్నా చాలా చిన్నది. గ్లాసును పడుకోబెట్టి నాలుగడుగుల నుంచి అందులోకి పంపండి. దీనికి అలవాటు పడ్డ కంటికి కోర్సులో హోల్ వెడల్పుగా కనిపిస్తుంది.

గునుపూర్ దగ్గర ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు కళ్ళం మీద ఇలాగే సాధన చేస్తారు. ఆయన బంతి ఆగిన ప్రతి చోటా వంగి ఒక చింతపిక్క పెట్టి, అప్పుడు బంతి తీసుకుంటారు. పది బంతులయ్యేసరికి గీత అవతల, కొంచెం కుడివైపు, జానెడు మేర పిక్కల గుంపు ఏర్పడింది. ఇదంతా ఎందుకు మాస్టారూ అంటే, "బంతి తీసేస్తే ఎక్కడాగిందో మర్చిపోతాను బాబూ. పిక్క అక్కడే ఉంటుంది" అన్నారు. ఆ గుంపు చూసుకుని పటర్ ముఖం వెంట్రుకవాసి మూసి మళ్ళీ పది కొట్టారు. ఈసారి పిక్కలు గీతకు అటూ ఇటూ పడ్డాయి. మీరూ పెట్టి చూడండి, ఇంతకన్నా చవకైన కోచింగ్ లేదు.

మూడు పట్‌లు పడుతున్నాయంటే తప్పు చాలాసార్లు గురిలో ఉండదు, దూరంలో ఉంటుంది. మొదటి పట్ ఆరేడు అడుగులు చాలకుండానో దాటిపోయో ఆగితే రెండోది కష్టం. అందుకే గేటుకన్నా గీతల మీద రెట్టింపు సమయం పెట్టండి.

5. చిప్: గ్రీన్ అంచు నుంచి

గ్రీన్ బయట పది పదిహేను అడుగుల్లో ఉన్న బంతిని గాల్లోకి ఎత్తాలని చూడకండి. తక్కువ ఎత్తు, ఎక్కువ పరుగు.

1. 9 ఐరన్ గానీ పిచింగ్ వెడ్జ్ గానీ తీసుకోండి.
2. కాళ్ళు దగ్గరగా పెట్టండి, బరువు ఎడమ కాలి మీద ఉంచండి, చివరి దాకా కదిలించకండి.
3. బంతి మధ్యలో, చేతులు బంతికన్నా కొంచెం ముందు.
4. పటింగ్‌లాగే భుజాలతో ఊపండి. మణికట్టు విరగకూడదు.

పెరట్లో ఒక పాత దుప్పటి పరిచి, బంతి ముందు దాని మీద పడేలా కొట్టండి. హోల్ ఎక్కడుందో కాదు, బంతి ఎక్కడ పడాలో చూడడం అలవాటు కావాలి.

బంకర్ (ఇసుక గుంట) వేరు. శాండ్ వెడ్జ్ ముఖం తెరిచి, బంతిని కాకుండా దానికి ఐదు సెంటీమీటర్ల వెనక ఇసుకను కొట్టాలి. ఇసుకే బంతిని బయటికి తోస్తుంది. మధ్యలో ఆపేయకుండా స్వింగ్ పూర్తి చేయండి. నాగావళి ఒడ్డున ఇసుక దొరికేవాళ్ళు బంతి లేకుండా, ఒక గీత గీసుకుని ఆ గీత దగ్గర ఇసుక లేపడం నేర్చుకోవచ్చు.

6. పూర్తి స్వింగ్: 7 ఐరన్ ఒక్కటే

అన్ని క్లబ్బులూ మార్చి మార్చి కొట్టొద్దు. 7 ఐరన్ కుదిరితే మిగతా ఐరన్లు వాటంతటవే వస్తాయి.

బంతి వద్దు, ముగ్గు పిండి తెచ్చుకోండి. నేల మీద జెండా గీతకు అడ్డంగా ఒక తెల్ల గీత వేయండి. బంతి ఉండాల్సిన చోట ఆ గీత వచ్చేలా నిలబడండి. ఇప్పుడు స్వింగ్ చేస్తే క్లబ్ నేలను గీత మీద గానీ, గీతకు ముందు, అంటే జెండా వైపు గానీ తాకాలి. వెనక తాకితే బరువు ఇంకా కుడి కాలి మీదే ఉందన్నమాట. పది గీతల్లో ఎనిమిది సరిగ్గా వచ్చాక ప్లాస్టిక్ బంతి పెట్టండి.

ముందు నడుము ఎత్తు వరకే చేతులు. తర్వాత భుజం ఎత్తు. చివరికి పూర్తిగా. ప్రతి స్వింగ్ చివర్లో కుడి మడమ పైకి లేచి, పొట్ట జెండా వైపు తిరిగి, మూడు లెక్కపెట్టేదాకా తూలకుండా నిలబడగలగాలి. తూలుతున్నారంటే బలం ఎక్కువ వాడుతున్నారు.

7. తప్పులు, వాటి మందు

ఒకసారి ఒక తప్పే సరిచేయండి. రెండు కలిపితే ఏది పనిచేసిందో తెలియదు.

*స్లైస్ (బంతి కుడికి వంగిపోవడం).* క్లబ్ వచ్చే దారికన్నా దాని ముఖం ఎక్కువ తెరుచుకుని ఉండడం వల్ల. చాలామంది దీనికి విరుగుడుగా ఇంకా ఎడమకు గురిపెడతారు, దాంతో క్లబ్ ఇంకా అడ్డంగా వస్తుంది, వంపు ఇంకా పెరుగుతుంది. ముందు పట్టు చూడండి: ఎడమ చేతి కణుపులు రెండు కనిపిస్తున్నాయా? అది బాగుంటే, బంతికి జానెడు వెనక, మీకు అవతలి వైపు నాలుగు వేళ్ళ ఎడంలో ఒక పాత చెప్పు పెట్టి, దానికి తగలకుండా కొట్టండి.

*క్లబ్ బంతికన్నా ముందే నేలకు తగలడం.* ముగ్గు గీతకు తిరిగి వెళ్ళండి.

*క్లబ్ బంతి నెత్తిన తగలడం.* బంతిని ఎత్తాలని పైకి లేవడం వల్ల. ఎత్తే పని క్లబ్ ముఖం వాలుదే. గడ్డిలో టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) ఒకటి కొంచెం పైకి గుచ్చి, బంతి లేకుండా దాన్ని తుడిచేలా కొట్టండి.

*బంతి క్లబ్ మెడకు తగిలి అడ్డంగా పోవడం.* మరీ దగ్గర నిలబడ్డారు, లేదా బరువు కాలి వేళ్ళ మీదకు జారింది. అరడుగు కాదు, ఒక అంగుళం వెనక్కి జరగండి.

8. వారం ఎలా గడపాలి

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. నాలుగు రోజులు పటింగ్, ఒక రోజు చిప్, ఒక రోజు ముగ్గు గీత, ఒక రోజు పూర్తి విశ్రాంతి. వర్షాకాలంలో చిప్ మానేసి పటింగ్ పెంచుకోండి.

9. కోర్సుకు బయల్దేరే ముందు

విశాఖలో ముడసర్లోవ వైపు ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ మన వైపు వాళ్ళకు అందుబాటులో ఉన్నది. రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా రైలుంది. జయపురం వాళ్ళు సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా వస్తారు. ఎలా వచ్చినా ముందు రోజు రాత్రికే చేరండి. ఘాట్ రోడ్డు కుదుపులు తిన్న నడుముతో నేరుగా మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) మీదకు వెళ్ళకండి.

ఫోన్ చేసి కనుక్కోవాల్సినవి:

- సభ్యులు కానివాళ్ళను ఆడనిస్తారా, ఏ రోజుల్లో, ఫీజు ఎంత
- హ్యాండిక్యాప్ (మీ ఆట స్థాయి చెప్పే అంకె) సర్టిఫికెట్ అడుగుతారా
- బట్టల నియమాలు (కాలర్ టీషర్టు తప్పనిసరి అనుకుని వెళ్ళండి, జీన్స్ వద్దు)
- కేడీ (బ్యాగు మోసి, సలహా చెప్పే సహాయకుడు) దొరుకుతారా

బ్యాగులో: ఎనిమిది పది బంతులు, టీలు, బంతి గుర్తు పెట్టడానికి ఒక నాణెం, తువ్వాలు, టోపీ, రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కేడీకి ఇవ్వడానికి చిల్లర. మజ్జిగ సీసా ఉంటే ఇంకా మంచిది.

ఆటకు ముప్పావుగంట ముందు చేరి, అందులో సగం పటింగ్ గ్రీన్ మీదే గడపండి. ఇంట్లో కళ్ళం వేగానికి అలవాటు పడ్డ చెయ్యి ఇక్కడి గడ్డి వేగాన్ని తెలుసుకోవాలి. హోల్ గురించి ఆలోచించకుండా దూరాలు మాత్రమే కొట్టండి.

10. కోర్సులో

కేడీని దూరం, వాలు, గాలి అడగండి. స్వింగ్ పాఠాలు అడగొద్దు, ఆట మధ్యలో కొత్త పాఠం పనికిరాదు.

"ఎంతుంది తమ్ముడూ?"

"నూట నలభై సార్. కానీ సముద్రం గాలి ఎదురొస్తోంది, ఒక క్లబ్ పెద్దది, అంటే నంబరు తక్కువది, తీసుకోండి."

ఈ మాట వినండి. అమెచ్యూర్లు కొట్టేవాటిలో గ్రీన్ దాటిపోయే షాట్లకన్నా గ్రీన్‌కు చాలని షాట్లే ఎక్కువ. గురి కూడా జెండాకు కాదు, గ్రీన్ మధ్యకు. చెట్ల మధ్య పడితే సందులోంచి దూర్చే సాహసం మాని పక్కకు ఫెయిర్‌వే (హోల్ దాకా పొట్టిగా కోసిన గడ్డి దారి) మీదకు తీసేయండి. దానివల్ల పోయేది ఒక్క షాట్. చెట్టుకు తగిలితే మూడు.

తప్పక తెలియాల్సిన నియమాలు:

- బంతి వెతకడానికి 3 నిమిషాలే. పోయిందేమో అనిపిస్తే, ప్రొవిజనల్ (తాత్కాలిక బంతి) అని చెప్పి మరీ రెండో బంతి కొట్టండి.
- తెల్ల గుంజల (కోర్సు హద్దు) అవతల పడితే ఒక పెనాల్టీ (అదనపు దెబ్బ) వేసుకుని, కొట్టిన చోటి నుంచే మళ్ళీ కొట్టాలి.
- ఎర్ర గుంజల చోట (చెరువు, వాగు లాంటి పెనాల్టీ ఏరియా) ఒక పెనాల్టీతో, బంతి గీత దాటిన చోటు నుంచి రెండు క్లబ్బుల పొడవు లోపల, హోల్‌కు దగ్గర కాకుండా వదలొచ్చు. మోకాలి ఎత్తు నుంచి వదలాలి.
- బంకర్‌లో కొట్టేముందు బంతికి ముందూ వెనకా క్లబ్ ఇసుకకు ఆనించకూడదు.
- వాన నీరు నిలిచిన చోట బంతి ఆగితే పెనాల్టీ లేకుండా పక్కకు తీసుకోవచ్చు. పెనాల్టీ ఏరియాలో మాత్రం ఈ వెసులుబాటు లేదు.
- 2019 నుంచి జెండా హోల్‌లో ఉంచే పట్ కొట్టొచ్చు.

మీ వంతు వచ్చాక 40 సెకన్లలో కొట్టేయండి. బంకర్ ఇసుక చదును చేసి రండి, గ్రీన్ మీద మీ బంతి పడ్డ గుంట సరిచేయండి. ఉరుము వినిపిస్తే ఆట ఆపి క్లబ్ హౌస్‌కు వెళ్ళిపోండి, చెట్టు కింద నిలబడొద్దు.

11. స్కోరు లెక్క, మనసు తేలికగా ఉండాలంటే

కొత్తవాళ్ళు కోర్సు పార్‌తో పోటీపడి నాలుగో హోల్‌కే టెన్షన్ తెచ్చుకుంటారు. మీ సొంత పార్ పెట్టుకోండి. ప్రతి హోల్‌కు రెండు కలిపితే 72 కాస్తా 108 అవుతుంది. అది దాటకుండా ఆడగలిగాక ఒకటి చొప్పున కలపండి, 90. ఇది మిమ్మల్ని మీరు తగ్గించుకోవడం కాదు, హ్యాండిక్యాప్ వెనకున్న ఆలోచన కూడా ఇదే.

స్నేహితులతో ఆడితే స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతి పెట్టుకోండి. మీ పార్‌కు ఆడితే 2 పాయింట్లు, ఒకటి ఎక్కువైతే 1, ఒకటి తక్కువైతే 3. మీ పార్‌కన్నా రెండో అంతకు మించో ఎక్కువ కొడితే సున్నా, బంతి తీసేసి తర్వాతి హోల్‌కు వెళ్ళిపోవచ్చు. ఒక్క చెడ్డ హోల్ రోజంతటినీ తినేయదు.

అసలు హ్యాండిక్యాప్ కావాలంటే, 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో మొత్తం 54 హోల్స్ స్కోరు కార్డులు ఇస్తే మొదలవుతుంది. 18 హోల్స్ చొప్పున మూడు ఆటలన్నమాట. గరిష్ఠం 54. కార్డులు పెరిగాక చివరి 20లో మంచివి 8 తీసుకుని లెక్క కడతారు. కార్డు మీద తోటి ఆటగాడి సంతకం మర్చిపోకండి.

12. తిరుగు రైల్లో రాసుకోవాల్సినవి

ఆట గుర్తుండగానే నోటుబుక్కులో నాలుగే అంకెలు రాయండి: మొత్తం పట్‌లు, మూడు పట్‌లు పడ్డ హోల్స్, పెనాల్టీలు, గ్రీన్ పక్క నుంచి రెండేసి సార్లు కొట్టాల్సి వచ్చిన చిప్‌లు.

మొత్తం పట్‌లు 40 దాటితే వచ్చే నెలంతా సుద్ద గీతలు. పెనాల్టీలు ఎక్కువైతే ఈసారి డ్రైవర్ ఇంట్లో వదిలేసి హైబ్రిడ్‌తో టీ కొట్టండి. చిప్‌లు ఎక్కువైతే పెరట్లో దుప్పటి పరవండి. నాలుగూ తగ్గుతుంటే ఇంకో ఐరన్ కొనుక్కోవచ్చు.